వాక్కు, పీఠము: తెలుగు భక్తివాఙ్మయమున స్త్రీల ఉపదేశాధికార విచారము

స్త్రీ ధర్మోపదేశము చేయవచ్చునా, ఆధ్యాత్మిక విషయములందు ఆమె మాట పురుషులకు ప్రమాణము కాగలదా యను ప్రశ్న క్రొత్తది కాదు. అనుకూలవాదులు గార్గిని, మైత్రేయిని, అక్కమహాదేవిని పేర్కొందురు. ప్రతికూలవాదులు మనుస్మృతిని పేర్కొందురు. ఇరుపక్షములవారును పేర్ల పట్టికలతో తృప్తిపడుటయే గాని, ఆ పేరు వచ్చిన గ్రంథము ఆ స్త్రీకి సరిగా ఏ యధికారము నిచ్చినది, ఏ యధికారము నీయక నిలిపినది అని విడదీసి చూచుట అరుదు. ఆ విభాగము చేయనిదే ఈ వాదము తేలదని మా యభిప్రాయము. ఈ వ్యాసమున మేము చేయబూనిన పని అదియే.

విచారమునకు ప్రధానముగా ఒక చిన్న భూభాగమును ఆధారముగా గైకొనుచున్నాము. 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో ఒక వైపున బచ్చన్నపేటయు, మఱియొక వైపున పాలకుర్తి, బమ్మెర గ్రామములును గలవు. పాలకుర్తి బసవపురాణకర్తయగు సోమనాథుని యూరు. బమ్మెర పోతన యింటిపేరిటి యూరు. బచ్చన్నపేటకు చేరువనే, నేటి జిల్లా హద్దునకు ఆవల, కొలనుపాకయు కొమురవెల్లియు గలవు. కొలనుపాక సోమేశ్వరలింగమునుండి రేణుకుడు ఆవిర్భవించినట్లును, పిమ్మట అగస్త్యునకు వీరశైవతత్త్వము నుపదేశించినట్లును సిద్ధాంతశిఖామణి చెప్పుచున్నది. కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులు నేటికిని పూనకమున పలుకుచుందురు. శాస్త్రమును, కావ్యమును, జానపదాచారమును ఒండొంటికి ఇంత దగ్గఱగా నుండుటచేత, ఒకే ప్రశ్నకు అవి యిచ్చిన సమాధానములను పోల్చి చూచుటకు ఈ ప్రాంతము అనువైనది.

ముందుగా అధికారమను పదమును విడదీయవలెను. మోక్షమునకు అర్హత యొకటి. తత్త్వజ్ఞానము నార్జించు నర్హత రెండవది. ఇతరులకు ఉపదేశించు నర్హత మూడవది. ఈ మూడవదానిలోనే మరల రెండు భాగములున్నవి. ఒక స్త్రీ పలికిన పలుకు సత్యమని యంగీకరించుట వాక్కునకు సంబంధించినది. ఆమెను గురుస్థానమున కూర్చుండబెట్టి, శిష్యులను స్వీకరించుటకును, పరంపరను నడపుటకును సమ్మతించుట పీఠమునకు సంబంధించినది. మొదటి మూడును సిద్ధించినంత మాత్రమున నాల్గవది సిద్ధింపదు. మన చర్చలలో తఱచుగా జరుగు దోష మేమన, మోక్షార్హతకు సాక్ష్యమైన కథను చూపి గురుపీఠమును సాధించితిమనుకొనుట. ప్రతిపక్షము వారి దోషము దీనికి తలక్రిందు. పీఠము లేకుండుటను చూపి వాక్కును గూడ కాదందురు.

శాస్త్రకారులు ఈ విభాగము నెఱుగనివారు కారు. పూర్వమీమాంస ఆఱవ యధ్యాయమున జైమిని యజ్ఞాధికారమును విచారించుచు, స్వర్గకాముడు యజ్ఞము చేయవలెనను విధిలోని పుంలింగము వివక్షితమా కాదా యని ప్రశ్న లేవదీసినాడు. వివక్షితమే, కావున పురుషునకే యధికారమని ఐతిశాయనుని మతము. ఆ పదము జాతిని చెప్పును గాని లింగమును నియమింపదు, కావున స్త్రీయు అందు చేరునని బాదరాయణుని మతము. సిద్ధాంతము బాదరాయణుని పక్షముననే నిలిచినది. స్త్రీకి యజ్ఞఫలము లేదనువారికి ఇంతకంటె దృఢమైన ఖండనము అక్కఱలేదు. కాని యదే పాదమున కొంత ముందునకు సాగగా, దంపతులు కలిసియే యజింపవలెననియు, విద్యలో సామ్యము లేనందున పత్నికి ప్రత్యేకముగా విధించిన మేరకే మంత్రాదులనియు నిర్ణయము కనబడుచున్నది. ఫలమున సమానత్వము నిచ్చి ఉచ్చారణమున తగ్గించుట యను పద్ధతి ఇచ్చటనే స్పష్టమగుచున్నది. ఆ తగ్గింపునకు చెప్పిన కారణము స్త్రీత్వము కాదు, విద్యాభావము. విద్య లేకుండుట స్వభావము కాదు గదా. కారణము తొలగినచో కార్యము నిలుచునా యని మీమాంసకుని పద్ధతిలోనే మనము ప్రశ్నింపవచ్చును.

హారీతుడు స్త్రీలను బ్రహ్మవాదినులనియు సద్యోవధువులనియు రెండు తెగలుగా విభజించి, మొదటి తెగకు ఉపనయనమును వేదాధ్యయనమును చెప్పినట్లు నిబంధకారు లుదాహరించుచున్నారు. 14వ శతాబ్దమున మాధవాచార్యుడు పరాశరస్మృతి వ్యాఖ్యలో ఆ వచనమును కాదనలేదు. అది కల్పాంతర విషయమని సమన్వయించినాడు. వచనము ప్రమాణముగనే నిలిచినది, ఆచరణము మాత్రము వేఱొక యుగమునకు తరలింపబడినది. నిరాకరణమునకును వాయిదాకును గల భేదము పరిశోధకులు గమనింపదగినది. ఏలయన, నిరాకరింపబడిన వచనము చచ్చిపోవును. వాయిదా వేయబడిన వచనము ఎప్పుడైనను మేల్కొనవచ్చును.

ఉపనిషత్తుల సాక్ష్యమును గూడ ఈ దృష్టితోనే చదువవలెను. బృహదారణ్యకమున గార్గి యాజ్ఞవల్క్యుని రెండు పర్యాయములు ప్రశ్నించినది. మొదటిసారి ఆమె ప్రశ్న హద్దు మీఱుచున్నదని, తల రాలునని, యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. ఆమె ఊరకుండెను. ఈ ఘట్టమునే పలువురు ఉదాహరింతురు. మా దృష్టిలో రెండవ ఘట్టము ఎక్కువ విలువ గలది. అక్షరమును గూర్చిన సమాధానము విన్న తరువాత గార్గి సభలోని బ్రాహ్మణుల వైపు తిరిగి, ఈతనిని బ్రహ్మవాదమున జయింపగలవారు మీలో లేరని తీర్పు చెప్పినది. ఆమె అచ్చట ప్రశ్నించు విద్యార్థిని కాదు. వాదమున జయాపజయములను నిర్ణయించు మధ్యవర్తి స్థానమున నిలిచినది. ఆ హెచ్చరికను పాటింపక శాకల్యుడు వాదమునకు దిగి నశించినట్లు కథ సాగుటచే, ఆమె తీర్పు సరియైనదని గ్రంథమే నిరూపించుచున్నది.

శాంతిపర్వములోని సులభ కథ మఱింత ముందునకు పోయినది. భిక్షుకియైన సులభ ధర్మధ్వజ జనకుని సభకు వచ్చినప్పుడు రాజు ఆమె కులమును, ఆశ్రమమును, స్త్రీత్వమును ఆక్షేపించినాడు. ఆత్మజ్ఞానినని చెప్పుకొనువానికి నీవెవతెవను ప్రశ్న యెట్లు పుట్టినదని ఆమె యెదురు ప్రశ్నించినది. రాజు మాఱు పలుకలేకపోయెనని భీష్ముడు యుధిష్ఠిరునకు చెప్పినాడు. తుదిమాట సులభది. ఐనను ఆ తుదిమాట తరువాత ఆమె కేమైనదో ఇతిహాసము చెప్పదు. వాక్కు సభలో గెలిచినది. పీఠమును గూర్చి ప్రస్తావమే లేదు.

ఇక మన ప్రాంతపు కవుల యొద్దకు వత్తము. పాలకురికి సోమనాథుని బసవపురాణము ద్విపదలో వెలసిన శైవపురాణము. 1369లో భీమకవి దానిని కన్నడీకరించుటచే దాని ప్రభావము తెలుగు నేల దాటి విస్తరించినది. సోమనాథుడు శాస్త్రప్రమాణముల యెడ ఉదాసీనుడు కాడు. చతుర్వేదసారమున, సంస్కృతమున రచించిన సోమనాథభాష్యమున, వీరశైవాచారములకు వేదాగమముల ఆధారములను కూర్చి చూపినాడు. ఇట్టి ప్రమాణవాది తన పురాణమున స్త్రీల కథలను ఎట్లు నడిపించెనో చూచుట ఆవశ్యకము.

ఇచ్చట ఒక ప్రచారమును సవరింపవలసియున్నది. బసవడు తన సోదరికి లేని యుపనయనము తనకును వలదని నిరాకరించెనని నేడు విరివిగా చెప్పుచున్నారు. ఉపన్యాసములందును, పాఠ్యగ్రంథములందును ఈ మాట పురాణవాక్యమువలె వినబడుచున్నది. సోమనాథుని కావ్యమున బసవనికిని తండ్రి మాదిరాజునకును జరిగిన వాదము శివదీక్షకును కర్మదీక్షకును నడుమ నడచినది. శివభక్తునకు మరల కర్మమార్గపు సంస్కారము అనుచితమని బసవని పక్షము. సోదరి నాగాంబ అతనితో పయనించిన మాట నిజము. ఆమె నిమిత్తమున అతడు ఉపనయనము నిరాకరించెనను తర్కము మాత్రము సోమనాథుని వాదమునకు ఆయువుపట్టు కాదు. ఆధునికుల యాశయము మెచ్చదగినదే. కాని యాశయమునకు ఆకరమును తారుమారు చేసినచో ప్రతిపక్షము ఒక్క ప్రశ్నతో దానిని కూల్చివేయును. మంచి వాదమునకు చెడ్డ సాక్ష్యము శత్రువు.

స్త్రీల పక్షమున సోమనాథుని నిజమైన సాక్ష్యము వేఱొకచోట, ముగ్ధభక్తుల కథలలో నున్నది. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదే యని వగచినది. తల్లి యున్నచో విషము త్రాగనిచ్చునా, బూడిద పూసికొననిచ్చునా, జడలు కట్టనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై అతనిని శిశువుగా సాకినది. శాస్త్రరీత్యా ఈ భావన పొరపాటు. శివుడు అజుడని ఆగమములు ఘోషించుచుండగా అతనికి తల్లి లేకుండుట లోపమెట్లగును? ఐనను కథలో శివుడు శాస్త్రము పక్షమున నిలువలేదు. ఆమెకు శిశువైనాడు. రోగము నటించి ఆమె యార్తిని పరీక్షించి, తుదకు ప్రత్యక్షమై ఆమె మాతృత్వమును ధ్రువపఱచినాడు. గొడగూచి కథలోను ఇదే క్రమము కలదు. తండ్రి నైవేద్యమును ఆచారముగా నెఱుగును. దేవుడు నిజముగా పాలు త్రాగునని అతడు నమ్మడు. బాలిక నమ్మినది. శివుడు త్రాగెను. తండ్రి యామెను దండింపబోగా శివుడు తనలో చేర్చుకొనెను. ఈ రెండు కథలందును శాస్త్రము తెలిసిన తెలివికంటె స్త్రీ చేసిన యర్థమే దైవసమ్మతమైనది. సిరియాలుని గర్వమును చల్లార్చు సందర్భమున వచ్చు నిమ్మవ్వ కథలో, భక్తులలో పేరుగన్న పురుషుడు సైతము ఒక సామాన్య స్త్రీ యింట పాఠము నేర్చుకొనవలసి వచ్చినది.

ఐనను ఈ కథలకు ఒక హద్దు కలదు. ముగ్ధత్వము స్త్రీలకే చెందిన లక్షణముగా సోమనాథుడు చూపలేదు. ముగ్ధసంగయ్య, రుద్రపశుపతి, కన్నప్ప మొదలగు పురుషులును ఆ కోవలోనివారే. ఇది కవి సమదృష్టికి నిదర్శనము. కాని ముగ్ధుడు నిదర్శనము కాగలడు గాని బోధకుడు కాజాలడు. తాను చేసినది ఏల సరియైనదో చెప్పగల భాష అతనికి లేదు. ఆ భాష కవిదే. బెజ్జమహాదేవి ప్రమాణమైనది. ఆ ప్రమాణమును వ్యాఖ్యానించు పీఠము మాత్రము సోమనాథునిది. పురుషభక్తుల విషయమున ఈ లోటు బసవని వంటి ప్రవక్తలతో తీఱినది. స్త్రీల విషయమున తీఱలేదు.

తీర్చుటకు అవకాశము లేకపోలేదు. కల్యాణమున అక్కమహాదేవి అల్లమప్రభువు ప్రశ్నలకు సమాధానమిచ్చిన ఘట్టమును 15వ శతాబ్దపు కన్నడ గ్రంథమగు శూన్యసంపాదనె విపులముగా చిత్రించినది. అల్లముడు ఆమె వేషమును, వైరాగ్యమును, అంతరంగమును ఒక్కొక్కటిగా నిలదీయును. ఆమె ఒక్కొక్కదానికి హేతువుతో బదులిచ్చును. పిమ్మట శరణులు ఆమెను గౌరవింతురు. ఇచ్చట స్త్రీ తన యనుభవమునకు తానే వ్యాఖ్యాత. ఆమె వచనములు వీరశైవులకు ఆకరములైనవి. ఇష్టలింగధారణమున స్త్రీపురుషభేదము లేదను సంప్రదాయము ఇట్టి యధికారమునకు సైద్ధాంతికమైన పునాది. ఐనను ఆమె కల్యాణమున నిలువక శ్రీశైల కదళీవనమునకు సాగిపోయినది. రేణుకాదుల పేర వెలసిన పంచపీఠములు పురుషపరంపరలుగనే నడచినవి. లింగాయతులలో ఒక స్త్రీ జగద్గురుస్థానము నధిష్ఠించుటకు 1970లో మాతే మహాదేవి వఱకు వేచియుండవలసి వచ్చినది. వాక్కు 12వ శతాబ్దమున సిద్ధించినది, పీఠము 20వ శతాబ్దమున. నడుమనున్న యెనిమిది వందల యేండ్ల కాలమును శాస్త్రలోపముతో వివరింప వీలులేదు. శాస్త్రము మొదటినుండియు అనుకూలముగనే యున్నది గదా.

గ్రంథములను విడిచి జాతరకు పోయినను ఈ చీలికయే కనబడును. కొమురవెల్లిలో శివసత్తులకు పూనకము వచ్చినప్పుడు, వారి నోట వచ్చిన మాటను ఇంటి పెద్దలును ఊరి పెద్దలును చేతులు జోడించి విందురు. ఏ మ్రొక్కు తీఱలేదో, ఏ తప్పు జరిగినదో ఆమె చెప్పును. ఆమెను అప్పుడు ఎదిరించువారుండరు. పూనకము దిగిన తరువాత ఆ యధికారము ఆమెతో నిలువదు. దేవుడు పలికించినంతసేపు ఆమె వాక్కు శాసనము. ఆమె తానుగా పలికినచో అది సామాన్యపు మాట. పండితులు దీనిని మూఢాచారమని త్రోసివేయుదురు గాని, శిష్టవాఙ్మయముననున్న నియమమునే ఈ యాచారము దాపఱికము లేక చూపుచున్నది.

పోతన భాగవత దశమస్కంధములోని యజ్ఞపత్నుల కథ ఈ విచారమునకు కేంద్రమని మేము భావించుచున్నాము. ఆకలిగొన్న గోపాలురను కృష్ణుడు ఆంగిరసమను సత్రము చేయుచున్న బ్రాహ్మణుల కడకు పంపెను. వారు పెడచెవిని పెట్టిరి. పిమ్మట వారి భార్యల కడకు పంపెను. ఆ స్త్రీలు భర్తలును సోదరులును వారించుచున్నను వినక నాలుగు విధములైన యన్నములు తీసికొని వెడలిరి. భర్త నిర్బంధించిన యొక స్త్రీ కృష్ణుని ధ్యానించుచు దేహము విడిచినది. కృష్ణుడు వారి భక్తిని మెచ్చుకొనియు, మీరు లేక యజ్ఞము పూర్తికాదని చెప్పి యిండ్లకు మరల్చెను. అప్పుడు బ్రాహ్మణులు పశ్చాత్తప్తులైరి. ఉపనయనము లేదు, గురుకులవాసము లేదు, తపస్సు లేదు, ఐనను వీరికి అబ్బిన భక్తి మాకు అబ్బలేదని తమ విద్యను తామే నిందించుకొనిరి.

ఈ కథను స్త్రీమహిమకు నిదర్శనముగా ఉదాహరించువారు పశ్చాత్తాపముతోనే ఆగుదురు. కాని కథ అచ్చట ఆగలేదు. తమ తప్పు తెలిసికొన్న బ్రాహ్మణులును కంసుని భయముచే కృష్ణుని చూడబోలేదు. ఈ చిన్న వాక్యము కథకు ప్రాణము. సత్యమును గుర్తించుట వేఱు, ఆ సత్యము కోరు ఆచరణకు సిద్ధపడుట వేఱు. బ్రాహ్మణులు స్త్రీల యాధిక్యమును నోటితో నంగీకరించిరి. వారి వ్యవస్థ అణువంతయు మాఱలేదు. యజ్ఞము మరల కొనసాగినది. స్త్రీలు మరల పత్నీస్థానమున కూర్చుండిరి. ఉపనయనాదులు లేకుండుటను వారు స్త్రీల మహిమగా చెప్పిరేగాని, లేకుండజేసినది ఎవరని ప్రశ్నించుకొనలేదు. స్త్రీల వాక్కును పొగడి పీఠమును నిలుపుకొనువారి స్వభావమును పురాణకర్త ఇంత సూక్ష్మముగా చిత్రింపగా, దానిని కేవలము భక్తిమహిమగా చదువుట గ్రంథమునకు అన్యాయము చేయుటయే.

తెలుగు కవయిత్రుల పీఠికలను ఇప్పుడు పరిశీలింతము. 16వ శతాబ్దమునకు చెందినదని పలువురు తలచు మొల్ల, తాను శాస్త్రములు చదివినదానను కానని, శ్రీకంఠమల్లేశుని వరముచే కవిత్వము చెప్పుచున్నాననియు చెప్పుకొన్నది. పలికించువాడు రామభద్రుడని పోతనయు చెప్పెను గదా, ఇది కవిసమయమే యని కొందఱనవచ్చును. రూపము ఒకటే, ప్రయోజనము ఒకటి కాదు. పోతనకు అది పాండిత్యము మీద కప్పిన వినయము. మొల్లకు అది యోగ్యతాపత్రము. గురుకులద్వారము మూసియున్న చోట దైవానుగ్రహ మొక్కటే తెఱచియున్న ద్వారము. శివసత్తి పూనకమునకును కవయిత్రి వరప్రసాదమునకును గల ఈ సామ్యమును సాహిత్యచరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదు.

తరిగొండ వెంగమాంబ (1730-1817) ఈ ద్వారముతో తృప్తిపడినది కాదు. బాలవితంతువై, ఆచారముల నిర్బంధము నెదిరించి, తిరుమలయందు జీవితమును గడపిన ఈమె తరిగొండ నృసింహస్వామి యనుగ్రహమును చెప్పుకొన్నది. దానితోపాటు సుబ్రహ్మణ్యదేశికుని తన గురువుగా స్మరించినది. అనుగ్రహమును పరంపరను రెంటిని ఏకకాలమున నిలిపిన ఈ పద్ధతి గమనింపదగినది. ఆమె యెన్నుకొన్న గ్రంథములు మఱింత గమనింపదగినవి. భాగవతమున కపిలుడు తల్లియైన దేవహూతికి చేసిన యుపదేశమును రాజయోగసారమను ద్విపదగా రచించినది. అందు తత్త్వమును వినుటకు అర్హురాలైన శ్రోత స్త్రీ. యోగవాసిష్ఠమును వాసిష్ఠరామాయణముగా ద్విపదలోనికి తెచ్చినది. అంతకు చాల పూర్వమే మడికి సింగన దానిని తెనిగించియుండగా, మరల ఆమె దానినే చేపట్టుట యాదృచ్ఛికమని మేమనుకొనము.

యోగవాసిష్ఠమున చూడాల కథ ప్రసిద్ధము. ఆమె భర్తకంటె ముందుగా జ్ఞానమును పొందినది. భార్యగా చెప్పబోగా శిఖిధ్వజుడు నవ్వినాడు. అతడు రాజ్యము విడిచి యడవికి పోగా, ఆమె కుంభుడను బ్రాహ్మణకుమారుని రూపమున వెళ్లి అదే జ్ఞానమును బోధించినది. అప్పుడు విన్నాడు, విని ముక్తుడైనాడు. జ్ఞానము మాఱలేదు, చెప్పినవారు మాఱలేదు. మాఱినది కంటికి కనబడిన రూపము. స్త్రీ బోధింపజాలదని ఈ కథ చెప్పుటలేదు. పురుషుడు స్త్రీరూపమున నున్న గురువును వినజాలడని చెప్పుచున్నది. లోపము వక్తయందు కాదు, శ్రోతయందు. ఉపదేశాధికారమును గూర్చి సంస్కృతవాఙ్మయమున ఇంతకంటె నిశితమైన విమర్శ లేదని మా తలంపు. ఇట్టి గ్రంథమును వితంతువైన కవయిత్రి ఏ మాఱువేషమును లేక, తన పేరుతో, జనులెల్లరు పాడుకొన దగిన ద్విపదలో చెప్పుట కుంభుని వేషమును తొలగించుటయే.

మన సాహిత్యచరిత్రలు ఆమె నెట్లు స్వీకరించినవి? భక్తకవయిత్రి యనియు, యక్షగానకర్త్రి యనియు వర్గీకరించినవి. తిరుమలలోని నిత్యాన్నప్రసాద భవనము ఆమె పేరు ధరించియున్నది. ఏకాంతసేవలోని ముత్యాలహారతి ఆమె పేరుతో ముడివడియున్నది. ఇవి తగిన గౌరవములే. కాని యోగశాస్త్రమును, వేదాంతమును తెలుగున బోధించిన ఆచార్యురాలిగా ఆమెను చర్చించిన పుటలు మాత్రము స్వల్పము. అన్నము పెట్టు తల్లిగా, హారతి యిచ్చు భక్తురాలిగా ఆమెను స్మరించుట సులభమైనది. గురువుగా స్మరించుట కష్టమైనది. ఆండాళ్ విషయమును ఇట్టిదే. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగా ఆమె తిరుప్పావై వినబడును. ఒక స్త్రీ వాక్కు వేదతుల్యమై దేవుని మేల్కొల్పుచుండగా, ఆ పాశురములను ఆలయమున అనుసంధించు గోష్ఠి మాత్రము పురుషులదిగనే సంప్రదాయమున నడచినది.

ఈ చీలిక ఒక్క మతమునకే చెందినదని భ్రమింపరాదు. బౌద్ధమున చూళవేదల్లసుత్తమునందు ధమ్మదిన్న యను భిక్షుణి తన పూర్వపు భర్తయగు విశాఖునకు ధర్మమును వివరించినది. అతడు ఆ మాటలను బుద్ధునకు నివేదింపగా, నన్నడిగినను ఇట్లే చెప్పియుందునని బుద్ధుడు ధ్రువపఱచెను. స్త్రీ యుపదేశమునకు శాస్త్రముననే ముద్ర వేసిన ఘట్టమిది. దాని ఫలము తెలుగునేలపై గూడ కనబడుచున్నది. అమరావతి శాసనములలో ఉవఝాయిని, అనగా ఉపాధ్యాయిని, యను బిరుదు గల భిక్షుణి కలదు. దానమిచ్చిన స్త్రీలు మన శాసనములందు పెక్కుమంది యున్నారు. బోధించిన స్త్రీ బిరుదుతో శిలపై నిలుచుట అపురూపము. వాక్కును పీఠమును కలిసిన తావు ఒకటి మనకు ఆనాడే యుండెనని దీనివలన తెలియుచున్నది.

క్రైస్తవుల చర్చయు ఇదే మార్గమున నడచినది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకచోట స్త్రీలు ప్రార్థించుటను ప్రవచించుటను అంగీకరించి వారి శిరోవస్త్రమును మాత్రము నియమించినాడు. వేఱొకచోట సంఘమున వారు మౌనముగా నుండవలెననినాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక చివర ఫీబేను, ప్రిస్కను, యూనీయను సగౌరవముగా పేర్కొన్నాడు. పునరుత్థానవార్తను శిష్యులకు మొదట తెలిపినది మగ్దలేనే మరియ. తెలుగు బైబిలు ఫీబేకు వాడిన పరిచారకురాలు అను పదమును, సంఘపు పదవి గల పురుషులకు వాడిన పరిచారకుడు అను పదమును పోల్చి చూడుడు. మూలముననున్న ఒకే పదమును అనువాదకులు ఒకే తెలుగు పదముతో నిలిపిరి. ఇంగ్లీషున బహుళప్రచారము నొందిన ప్రాచీనానువాదము ఆమెను సేవకురాలిని చేసి, పురుషులకు మాత్రము పదవీవాచకమును మిగిల్చినది. భాషాంతరీకరణమున ఒక్క పదము పీఠము నీయగలదు, తీసివేయగలదు. తెలుగునాట బైబిలు స్త్రీలని పిలువబడిన ప్రచారకురాండ్రు ఊరూర తిరిగి బోధించిన కాలము చాల పూర్వము. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున తొలి మహిళా బిషప్పుగా నంద్యాలకు ఇ. పుష్పలలిత నియుక్తురాలైనది 2013లో. వాక్కునకును పీఠమునకును నడుమ ఇచ్చటను తరములు గడచినవి.

ఇంతవఱకు చూచిన సాక్ష్యమును బట్టి మేము చేయు నిర్ణయ మిది. స్త్రీల ఉపదేశాధికారమునకు గ్రంథప్రమాణము కొఱవడినదను మాట నిలువదు. బాదరాయణుని పక్షము, గార్గి తీర్పు, సులభ తుదిమాట, ధమ్మదిన్నకు లభించిన ధ్రువీకరణము చాలినంత బలము గలవి. అట్లని సమస్తమును పూర్వమే సిద్ధించియుండెననుటయు నిలువదు. ప్రతి సంప్రదాయమును స్త్రీ వాక్కును స్వీకరించిన పిదప, ఆ వాక్కు వెలువడుటకు ఒక షరతు విధించినది. ముగ్ధత్వము, పూనకము, వరప్రసాదము, పురుషవేషము, కల్పాంతరము, ఇవన్నియు ఆ షరతునకు మాఱుపేర్లు. స్త్రీ తానుగా, తన విద్యతో, తన రూపమున బోధించుటను మాత్రము వ్యవస్థ జంకుచు చూచినది. కావున ప్రశ్న శాస్త్రమున కలదా లేదా యని కాదు. ఉన్నదానిని ఎవరు, ఏ కారణమున, ఎంతకాలము వాయిదా వేసిరి అనునదే చరిత్రకారుడు వేయదగిన ప్రశ్న.

ఈ నిర్ణయము మన బోధనాపద్ధతికిని సంబంధించినది. పాఠ్యక్రమమున వెంగమాంబ కీర్తనను గాని యక్షగానఘట్టమును గాని చేర్చి, ఆమె వేదాంతరచనలను విడిచినచో, మనమును యజ్ఞపత్నులను పొగడి మరల యజ్ఞశాలకు పోయిన బ్రాహ్మణుల వరుసలో చేరుదుము. పరిశోధక విద్యార్థులు రాజయోగసారమును, వాసిష్ఠరామాయణమును మూలముతోడను, మడికి సింగన రచనతోడను పోల్చి, ఎచ్చట ఆమె కుదించినది, ఎచ్చట పెంచినది, ఏ మాటను తన మాటగా నిలిపినది అని పరిశీలింపవలెను. బసవపురాణములోని స్త్రీల కథలను శివసత్తుల పలుకులతో సరిపోల్చుటకు బచ్చన్నపేట, కొమురవెల్లి పరిసరములకంటె తగిన క్షేత్రము వేఱొకటి లేదు. ఇట్టి పని జరిగిన నాడు, భక్తకవయిత్రులను శీర్షిక క్రింద మనము ఒదిగించిన పేర్లలో కొన్ని ఆచార్యుల శీర్షిక క్రిందకు మాఱవలసియుండును.